తాగుడు మానడానికి క్రైస్తవ విశ్వాసం తోడ్పడుతుందా?

మీ అన్నను చర్చికి తీసుకువెళితే కల్లు మానేస్తాడా, లేక ఆసుపత్రికే తీసుకువెళ్లాలా అని మీరు అడిగారు. రెండు చోట్లకూ తీసుకువెళ్లండి, కానీ ముందు ఆసుపత్రికి. నేను విశ్వాసినే, ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లేవాణ్ణే. అయినా ఈ వరుస మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను.

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. మా నాయన ఇరవై ఏళ్లకు పైగా రోజూ కల్లు కాంపౌండుకు పోయినవాడు. చెట్టు మీద నుంచి దించిన కల్లు ఆయన తాగింది తక్కువ. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపి సీసాల్లో అమ్మే మందు కల్లే ఆయన ఒంటికి పట్టింది. ఒక ఉపవాస కూటంలో ఆయన ఏడుస్తూ లేచి నిలబడి, ఇకమీదట ముట్టనని అందరి ముందు ఒప్పుకున్నాడు. నిజంగానే ముట్టలేదు. మరునాటికి చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. మూడో రాత్రి దుప్పటి నిండా చీమలున్నాయని దులుపుతూ, ఎప్పుడో చనిపోయిన మా తాతతో మాట్లాడుతూ, ఎదురుగా ఉన్న మా అమ్మను ఎవరు నువ్వని అడిగాడు. ప్రార్థించడానికి వచ్చినవారిలో కొందరు దయ్యం పట్టిందన్నారు. తల మీద చేతులుంచి గద్దించడం మొదలుపెట్టారు. నాకు అప్పుడు పదిహేడేళ్లు, నేనూ వారితో పాటు గట్టిగా ఆమెన్ అన్నాను.

కబురు అంది పాస్టరయ్య వచ్చారు. నాయన కళ్లలోకి ఒకసారి చూసి, "దయ్యం లేదు ఏం లేదు, కల్లు బందుచేసినందుకే ఇట్లయితున్నది, ముందు ఆటో పిలువుండ్రి" అన్నారు. దారిలోనే నాయనకు ఫిట్స్ వచ్చాయి. కల్లులో కలిపే మందుల జాతికే చెందిన మందును డాక్టర్ కొలత ప్రకారం మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ పోయారు. అలవాటుపడ్డ ఒంటికి దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణమే పోవచ్చని ఆయన చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పాస్టరయ్య ఆ రాత్రంతా వార్డు బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థించారు.

అందుకే స్వస్థత సభల్లో మాత్రలు పారేసి ఒక్క ప్రార్థనతో మానేశానని సాక్ష్యం చెప్పించేవారిని చూస్తే నాకు బాధ, కోపం కలుగుతాయి. ఆ మాట విని ఇంటికి వెళ్లి అలాగే చేసేవాడి మూడో రాత్రి ఎలా ఉంటుందో వారు చూడరు.

అయితే విశ్వాసం చేసిన పని ఏమిటని మీరు అడగవచ్చు. ఆసుపత్రి నాయన ఒంటిని బాగుచేసి ఇంటికి పంపింది, కానీ ఇంటికి వచ్చే దారిలోనే కాంపౌండు ఉంది, ఊళ్లో బెల్టు షాపు ఉంది, పెండ్లయినా చావయినా మందు పోయక మర్యాద జరగదనుకునే చుట్టాలున్నారు. నాలుగు నెలలకు ఒక పెండ్లిలో నాయన మళ్లీ తాగాడు. రెండు వారాలు చర్చి ముఖం చూడలేదు. ఆ తరువాతి శనివారం సాయంత్రం, తాగుడు మానినవారు కూర్చునే చిన్న కూటానికి వెళ్లి, "మొన్న పెండ్లిల తాగిన" అన్నాడు. ఎవరూ తిట్టలేదు. పక్కనున్న పెద్దాయన, "నేను మూడుసార్లు పడ్డ, కూసో" అని చాప మీద చోటిచ్చాడు. ఎరువుల డబ్బులనీ, చిట్టీ డబ్బులనీ ఇరవై ఏళ్లు మా అమ్మకు అబద్ధం చెప్పిన మనిషి అలా అడగకముందే నిజం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకొని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండని బైబిల్లోని యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానేవారు ఒకరికొకరు తోడుండే సంఘాన్ని మొదలుపెట్టిన ఇద్దరు తాగుబోతులూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచే ఈ ఒప్పుకోలు పద్ధతిని నేర్చుకున్నారు. మనిషిని నిలబెట్టేది ఈ ఒప్పుకోలేనని, వేదిక మీది అద్భుతం కాదని నా గట్టి నమ్మకం. కాబట్టి మీ అన్నకు సంఘాన్ని వెతికేటప్పుడు గాయకులెందరు, మైకులెన్ని అని చూడకండి. తప్పిపోయి తిరిగివచ్చినవాణ్ణి అక్కడ ఎలా కూర్చోబెడతారో చూడండి. యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, గిన్నె పంచుకునే ప్రభువు బల్లలో ద్రాక్షసారాయి ఇస్తారా, పులియని రసం ఇస్తారా అన్నది కూడా ముందే అడగండి. మా సంఘంలో రసమే ఇస్తారు కనుక నాయన భయం లేకుండా గిన్నె అందుకోగలిగాడు.

ఇప్పుడు ఆ శనివారపు కూటాన్ని నడిపేవారిలో మా నాయన ఒకడు. తండాల నుంచి వణికే చేతులతో ఎవరైనా పిల్లవాడు వస్తే, బైబిలు తెరవకముందే, "ఆఖరుకు ఎప్పుడు తాగినవు బిడ్డా, డాక్టరుకు చూపించుకున్నవా?" అని అడుగుతాడు. లేదంటే కూటాన్ని ఇంకొకరికి అప్పగించి, అతనితో కలిసి ఆటో ఎక్కుతాడు.