ఫడ్జ్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా గట్టిపడకపోతే

చక్కెర, పాలు, కోకోతో మీరు చేసిన ఫడ్జ్ ఇంకా జారుగానే ఉందంటే, పాకం సుమారు 114 డిగ్రీల సెల్సియస్‌కు చేరకముందే దించి ఉంటారు. అందులో మిగిలిపోయిన నీటిని ఫ్రిజ్ తీసివేయలేదు. ఆ ఫడ్జ్‌ను పారవేయనవసరం లేదు, ఇలా మళ్లీ కాచి సరిచేయవచ్చు.

1. పావు కప్పు పాలు కలిపి, చక్కెర పూర్తిగా కరిగేవరకు సన్నని మంట మీద కలపండి.

2. తరువాత మరగనిచ్చి, చన్నీటిలో వేసిన చుక్క మెత్తని ఉండగా చేతికి రాగానే దించి, వెన్న వేయండి.

3. చాలామంది వదిలివేసేది ఇక్కడే: గరిటె పెట్టకుండా, గిన్నె కదపకుండా, అడుగు గోరువెచ్చగా తగిలేవరకు, అంటే సుమారు 45 డిగ్రీలకు, చల్లారనివ్వాలి. వేడి మీదనే కలిపితే చక్కెర పెద్ద పలుకులు కట్టి, ఫడ్జ్ ఇసుకలా తగులుతుంది.

4. అప్పుడు మెరుపు తగ్గి చిక్కబడేవరకు ఆపకుండా కలిపి, వెంటనే వెన్న రాసిన పళ్లెంలో పరచండి.