పల్లెటూరి పబ్ మీద రాస్తున్న తమ్ముడికి

చి. తమ్ముడికి,

ఇంగ్లండ్‌లో బెర్క్‌షైర్ పల్లె ఆల్డ్‌వర్త్‌లో ఉన్న బెల్ ఇన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 'మనోహరం', 'కాలం ఆగిపోయింది' లాంటివి కొట్టేస్తే ఒక పొయ్యి, రెండు బెంచీలు మిగిలాయి. అక్కడ బార్ కౌంటరే లేదని, అద్దాల కిటికీలోంచి గ్లాసు అందిస్తారని రాయాల్సింది. ఎవరింటికో వచ్చామన్న భావం చదివేవాడికి దానంతటదే కలిగేది.

అసలు సంగతంతా నేలమాళిగలో ఉంటుంది, నువ్వు అటు చూడనేలేదు. కాస్క్ ఏల్, అంటే అక్కడ పీపాలోంచే పోసే బీరు, పీపాలో ఉండగా కూడా పులుస్తూనే ఉంటుంది, మన కల్లులాగే ఎవరి కోసమూ ఆగదు. ఫర్కిన్ అనే పీపా 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. అడుగున మడ్డి పోగా చేతికొచ్చేది కాస్త తక్కువే. దాన్ని కదలకుండా చెక్కలు ఆనించి పడుకోబెడతారు. పైన మెత్తటి కొయ్య బిరడా కొట్టి అదనపు గ్యాసు వదులుతారు, పొంగు తగ్గాక గట్టి బిరడా బిగిస్తారు. మడ్డి దిగేదాకా దాన్ని ముట్టుకోరు. పొరపాటున తగిలితే అడుగుదంతా లేచి గ్లాసు మసకబారుతుంది. పోసేటప్పుడు బిరడా వదులు చేయకపోతే లోపలికి గాలి అందక ధార సన్నబడుతుంది. రాత్రి మళ్లీ బిగించడం మరిచారా, పొద్దునకి చప్పబడుతుంది. మాళిగ 11-13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. 'వెచ్చటి బీరు' అని రాశావే, అది తప్పు. చల్లగానే ఉంటుంది, ఐసులా ఉండదంతే.

తెరిచిన పీపా మూడు రోజుల్లో ఖాళీ కావాలి. ఆపైన గాలి తగిలి పుల్లబడుతుంది. అందుకే జనం పలచగా వచ్చే పబ్‌లో రెండు మూడు రకాలకు మించి పెట్టరు. కుర్చీలు ఖాళీగా ఉండి బీరు పోసే పంపులు పది కనిపిస్తే నాకైతే అనుమానమే.

పాతదనాన్ని దూలాల్లో వెతక్కు, అవి కొని బిగించినవీ కావచ్చు. చిన్న బాణాలు విసిరే డార్ట్స్ ఆట బోర్డు నుంచి 7 అడుగుల 9¼ అంగుళాల దూరంలో ఆడేవాళ్లు నిలబడే గీత ఉంటుంది, అక్కడ నేల ఎంత అరిగిందో చూడు. గోడలు కూల్చి గదులన్నీ కలిపేశారా, విడివిడిగానే ఉంచారా అన్నదీ గమనించు. బెల్ ఇన్ రెండు వందల ఏళ్లకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. అది చెడకుండా నిలవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. నువ్వేమో దాన్ని చివరి పేరాలో, అదీ బ్రాకెట్లో పెట్టావు. పైకి తెచ్చెయ్.

మనుషుల గురించి రాసేటప్పుడు రౌండ్ల పద్ధతి వదలకు. గుంపులో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. తన వంతు రాకముందే లేచిపోయేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, కానీ గుర్తుపెట్టుకుంటారు. కిటికీ దగ్గర వరస కనబడదు గానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. డబ్బు ఊపి పిలిచావంటే చివరికి నెట్టేస్తారు.

మాళిగ చూడాలంటే శనివారం సాయంత్రం అడక్కు. మామూలు రోజున తలుపు తీసిన కాసేపటికి వెళ్లు, ఎందుకడుగుతున్నావో ముందే చెప్పు. ఏ పీపాకీ ఆనుకుని నిలబడకు.

ఆశీస్సులతో,
అన్నయ్య