అప్‌డేట్ చేయించిన మర్నాడే బ్యాటరీ లైటు వెలిగింది, ఆల్టర్నేటర్ ఖర్చు నేనే పెట్టుకోవాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విశాఖలో మధురవాడ. 2022లో డీజిల్ కారు కొన్నాం, ఆర్‌సీ నా భార్య పేరున ఉంది. మూడేళ్ళ వారంటీ అయిపోయింది. పోయిన నెల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మామూలు సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఫ్రీగా ఎక్కిస్తాం అని ఎక్కించారు. సర్వీసింగ్‌కి 9,400 రూపాయలు కట్టాను. మర్నాడు ఆఫీసుకి వెళ్తుంటే హనుమంతవాక దగ్గర బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగింది. తీసుకెళ్తే ఏదో మిషన్ తగిలించి లైటు ఆర్పేసి పంపారు. రెండు రోజులకి మళ్ళీ వెలిగింది. ఇప్పుడేమో ఆల్టర్నేటర్ పోయింది, 31 వేలు అవుతుంది, వారంటీ లేదు, సముద్రపు గాలికి వైజాగ్‌లో అందరికీ ఇలాగే పోతాయి అంటున్నారు. అప్‌డేట్ ఫ్రీగా చేశాం కాబట్టి దాని మీద కేసు కూడా చెల్లదట. నిజమేనా? కొత్త కారు ఇమ్మని అడగొచ్చా?

జవాబు: ముందు నాకు ఒక్క విషయం చెప్పండి, ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం, ఇంకా మార్పించలేదు కదా? మార్పించకపోతే ఆగండి. ఇలాంటి గొడవల్లో జనం తగువు ఓడిపోయేది కోర్టులో కాదు, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గరే. పాత పార్టు పోతుంది, కారు కంప్యూటర్‌లో ఉన్న, లోపమేమిటో చెప్పే కోడ్లు చెరిగిపోతాయి, చేతిలో బిల్లు ఒక్కటే మిగులుతుంది, ఆ తర్వాత నాలాంటి వాళ్ళ దగ్గరికి వస్తారు.

మీ ఉత్తరమంతా ఒకే మాట మీద నిలబడి ఉంది, అప్‌డేట్ తర్వాత లైటు వెలిగింది అని. మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ వినియోగదారుల కమిషన్ ముందు అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న, తర్వాత వెలిగిందా, దానివల్ల వెలిగిందా అని. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని మీరు కాగితాలతో పూడ్చాలి. ఫిర్యాదు చేసేవాళ్ళ మీదే రుజువు బాధ్యత ఉంటుంది కాబట్టి ఈ పని వాళ్ళు చేసిపెట్టరు.

కారు సంగతి కొంచెం తెలుసుకుంటే ఏ కాగితాలు కావాలో మీకే అర్థమవుతుంది. ఆ ఎర్ర లైటు బ్యాటరీ పాడైందని చెప్పేది కాదు, ఛార్జింగ్ సరిగ్గా జరగడం లేదని చెప్పేది. పాత కార్లలో ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తుండేది. ఇప్పటి చాలా మోడళ్ళలో అలా కాదు, ఎప్పుడు ఎంత ఛార్జ్ చేయాలో ఇంజిన్ కంప్యూటరే ఆల్టర్నేటర్‌కి చెబుతుంది, అది సరిగ్గా చెప్పినట్టు వినకపోతే లైటు వెలిగించమనేదీ ఆ కంప్యూటరే. మీ కారు కూడా ఆ రకమైతే, అప్‌డేట్‌కీ లైటుకీ సంబంధం లేదని కొట్టిపారేయడానికి వీల్లేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోకుండా బయటి నుంచి స్థిరమైన కరెంటు ఇచ్చే పరికరం తగిలించాలి, అది లేకుండా చేసి మధ్యలో వోల్టేజీ తగ్గితే ప్రోగ్రామ్ సరిగ్గా ఎక్కకపోవచ్చు. వేరే వేరియంట్‌కి చెందిన ఫైలు ఎక్కించి ఉండొచ్చు. లేదా సాఫ్ట్‌వేర్‌కి ఏ పాపమూ లేకుండా, సర్వీసింగ్‌లో బ్యాటరీ టెర్మినల్ విప్పిన కుర్రాడు సరిగ్గా బిగించకపోయి ఉండొచ్చు.

ఇటువైపు కూడా చూడాలి. ఆల్టర్నేటర్ నిజంగానే అరిగిపోయి ఉండొచ్చు, బెల్టు వదులై ఉండొచ్చు, మన ఊరి ఉప్పుగాలికి ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉండొచ్చు. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి తుప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి వాళ్ళ మాట పూర్తిగా అబద్ధం అని నేను అనను. రాతపూర్వకంగా చూపించమంటాను, అంతే.

ఇప్పుడు చేయాల్సింది. మీరు మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు లైటు ఆర్పేశారన్నారే, నా దృష్టిలో మీ కేసులో అన్నిటికన్నా బరువైన విషయం అదే. లైటు వెలిగినప్పుడు కంప్యూటర్‌లో ఒక కోడ్ నమోదవుతుంది, ఉదాహరణకి పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువగా ఉంది అని, పీ0620 అంటే ఆల్టర్నేటర్‌ని నియంత్రించే సర్క్యూట్‌లో తేడా అని, యూ అక్షరంతో మొదలయ్యేవైతే కంప్యూటర్ల మధ్య సమాచారం తెగిందని. చాలా కార్లలో ఆ క్షణాన ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, వోల్టేజీ ఎంత ఉంది లాంటివి కూడా కోడ్‌తో పాటు నిల్వ ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ చెరుగుతాయి. అంటే అప్‌డేట్ అయిన మర్నాడు ఏం జరిగిందో చెప్పగల సాక్ష్యాన్ని, కాగితం మీద పెట్టకుండా, వాళ్ళ చేతులతో వాళ్ళే తుడిచేశారు. ఆ రోజు జాబ్ కార్డు, అంటే బండికి ఏం పని చేస్తున్నారో రాసే కాగితం, తీశారా? అయిదు నిమిషాల పనే కదా అని చాలాచోట్ల తీయరు. తీయకపోతే ఆ రోజు మీ సర్వీస్ అడ్వైజర్‌కి చేసిన ఫోన్ల చిట్టా, వాట్సాప్ మెసేజ్‌లు, గేట్ పాస్, ఏది ఉంటే అది దాచండి.

ఈ రోజే సర్వీస్ సెంటర్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి కలిపి ఒక మెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడొద్దు, ఫోన్లో మాటలు గాలికి పోతాయి. అప్‌డేట్‌కి ముందు, తర్వాత ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, అప్పటి స్కాన్ రిపోర్టులు, లైటు ఆర్పిన రోజు కనిపించిన కోడ్లు, ఆల్టర్నేటర్ పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారో ఆ రీడింగులు, ఇవన్నీ రాసి ఇవ్వమని అడగండి. వస్తువు గురించీ సేవ గురించీ తెలుసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(9) మీకు ఇచ్చింది. వాళ్ళు ఇవ్వకపోయినా నష్టం లేదు. రేపు కేసు వేశాక సెక్షన్ 38(9) కింద పత్రాలు తెప్పించమని కమిషన్‌ని కోరవచ్చు. ఇప్పుడు అడిగి ఉంటే, ఎందుకు దాచారన్న ప్రశ్న అప్పుడు వాళ్ళకి పడుతుంది.

ఆ సర్వీసింగ్ రోజు ఇచ్చిన చెక్ లిస్టు కూడా వెతకండి, బిల్లుకి పిన్ చేసి ఇస్తారు, మనం చదవకుండా డాష్‌బోర్డులో పడేస్తాం. బ్యాటరీ, బెల్టు, ఛార్జింగ్ అన్నీ బాగున్నాయని అందులో టిక్కు ఉంటే, ముందురోజు బాగున్నది ఒక్క రాత్రిలో సముద్రపు గాలికి ఎలా పోయిందో వాళ్ళే చెప్పుకోవాలి. తుప్పు వాదన ఇంకా చేస్తుంటే, ఏ భాగం తుప్పు పట్టిందో జాబ్ కార్డు మీద రాసి, ఫోటో తీసి ఇమ్మనండి.

ఆ తర్వాత బయట ఒక మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి, ఆటోనగర్ అయినా పర్లేదు, తీసుకెళ్ళి స్కాన్ రిపోర్టు తీయించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, చదవడం, కొలవడం వరకే, ఏదీ విప్పనివ్వొద్దు, కోడ్ చెరపనివ్వొద్దు. ఒక్క వైరు కదిలించినా బయటివాళ్ళు చెయ్యి పెట్టారన్న వాదన వస్తుంది. కోడ్లతో పాటు క్యాలిబ్రేషన్ ఐడీ అని ఒకటి వస్తుంది, దాన్ని కూడా ప్రింట్ తీయించండి, మీ కంప్యూటర్‌లో ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఉందో అదే చెబుతుంది. కొన్ని గంటలు ఆపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కంప్యూటర్ నియంత్రించే రకంలో ఇది కావాలనే పైకీ కిందకీ పోతుంటుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తేల్చొద్దు, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, తీసి, చాలాసార్లు కొలిపించి ఆయన చేత తేదీ వేసి సంతకం పెట్టించండి. డాష్‌బోర్డు మీద లైటు, కిలోమీటర్లు రెండూ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. ఫోన్లో ఉన్న వీడియోలూ మెసేజ్‌లూ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

కారు లేకుండా గడవదు, 31 వేలు కట్టక తప్పదు అనుకుంటే కట్టండి, తప్పు లేదు. కానీ బిల్లు మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని మీ చేత్తో రాసి ఫోటో తీయండి, పాత ఆల్టర్నేటర్ మీకు అప్పగించమని ముందే మెయిల్‌లో అడగండి. అది మీదే. దాన్ని బెంచ్ మీద పెట్టి పరీక్ష చేయిస్తే బాగా పనిచేసిందనుకోండి, మీ కేసు సగం గెలిచినట్టే. కొత్తది వేశాక కూడా లైటు వెలిగితే ఇక చెప్పేదే లేదు.

ఇక చట్టం సంగతి. ఫ్రీగా చేశాం కాబట్టి కేసు చెల్లదనడం సరికాదు. పూర్తిగా ఉచితంగా చేసే సేవ చట్టంలోని 'సేవ' కిందికి రాదన్న మాట నిజమే, వాళ్ళు పట్టుకున్నది దాన్నే. కానీ మీరు 9,400 కట్టి చేయించుకున్న సర్వీసింగ్‌లో భాగంగా, అదే జాబ్ కార్డు మీద అప్‌డేట్ చేశారు. భోజనానికి డబ్బు తీసుకుని, పెరుగు ఊరికే వేశాం కాబట్టి పులిసినా అడగొద్దు అంటే ఎలా? వారంటీ అయిపోయిందన్నదీ ఇలాంటిదే. వారంటీ పార్టుకి ఇచ్చిన హామీ. చేతిలో పెట్టిన కారుకి పని సరిగ్గా చేయాల్సిన బాధ్యత వారంటీతో ముగియదు. పనిలో లోపం ఉంటే అది సెక్షన్ 2(11) కింద సేవాలోపమే.

సర్వీస్ సెంటర్‌ని, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఫైలు తయారుచేసింది కంపెనీ, ఎక్కించింది డీలరు, తప్పు ఫైల్లో ఉందో ఎక్కించడంలో ఉందో బయట నిలబడి మీరు చెప్పలేరు. అయితే డీలరు చేసిన ప్రతి తప్పుకీ కంపెనీ జవాబుదారీ కాదని 2021లో టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి కంపెనీ తప్పేమిటో ఫిర్యాదులో విడిగా, స్పష్టంగా రాయాలి. అప్‌డేట్ ఫైలు వాళ్ళదే, ఎక్కించమని పంపింది వాళ్ళే, మీ మెయిల్‌కి జవాబివ్వలేదు, ఇలా.

కొత్త కారు మాత్రం అడగొద్దు. చాలామంది కోపంలో అడుగుతారు, అడిగి అసలు కేసుని పలచన చేసుకుంటారు. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లోనే సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న పార్టు మార్చడానికే కాబట్టి మొత్తం కారు మార్చమనడం కుదరదంది. మీకైతే ఆ వారంటీ కాలం కూడా దాటిపోయింది. 2022లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో నిపుణుడి నివేదిక లేకపోయినా వినియోగదారు గెలిచారు కదా అని ఎవరైనా మీకు చెప్పొచ్చు, అక్కడ ప్రమాదం జరిగిన తీరే సాక్ష్యం చెప్పింది, మీ ఎర్ర లైటు అంత గట్టిగా మాట్లాడదు. మీరు అడగాల్సినవి, సాఫ్ట్‌వేర్ సరిచేయడం, ఆల్టర్నేటర్ ఖర్చు, బయట చేయించిన పరీక్షల ఖర్చు, కారు లేని రోజుల్లో క్యాబ్‌లకి పెట్టిన డబ్బు, మానసిక వేదనకి కొంత పరిహారం, కోర్టు ఖర్చులు.

పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ సగం గొడవలు అక్కడే తేలతాయి. ఈలోగా 1915 నంబరుకి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, బిల్లు వెనక ఫలానా ఊరి కోర్టులే అని అచ్చేసి ఉన్నా, మీరు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీ వివాదం సర్వీసింగ్ గురించి కాబట్టి అలాగే రాయించండి. గడువు రెండేళ్ళు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతో దిగండి. ఫిర్యాదు మీ భార్య గారి పేరున వేసి, మిమ్మల్ని రెండో ఫిర్యాదుదారుగా చేర్చితే సరిపోతుంది, యజమాని అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే.

ఇదంతా తేలేలోపు ఆ లైటుతో కారు నడపకండి. బెల్టు తెగి ఉంటే కొన్ని ఇంజిన్లలో నీళ్ళ పంపు కూడా ఆగి ఇంజిన్ వేడెక్కిపోతుంది, బ్యాటరీ దిగిపోతే రాత్రిపూట హైవే మీద లైట్లు, స్టీరింగ్ సాయం రెండూ పోవచ్చు. పైగా తెలిసీ నడిపి నష్టం పెంచుకున్నారని వాళ్ళే రేపు అంటారు, ఆ మాటకి చట్టంలో బలం ఉంది. సర్వీస్ సెంటర్‌కి కూడా టోయింగ్ బండి మీదే పంపి రసీదు తీసుకోండి. మెయిల్‌కి వాళ్ళేం జవాబిచ్చారో, పాత చెక్ లిస్టులో ఏముందో నాకు రాయండి, నోటీసులో ఏం పెట్టాలో అది చూసి చెబుతాను.