షాంపేన్ నుంచి వెస్ట్ లఫాయెట్: ఆ గంట సరిహద్దులో పోయింది

ఎక్కడా ఆగకపోయినా పది గంటల అపాయింట్‌మెంటుకు గంట ఆలస్యంగా చేరారంటే కారణం రోడ్డు కాదు, గడియారం. షాంపేన్ ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో సెంట్రల్ సమయం. సరిహద్దు ఊరు డాన్‌విల్ దాటి, వెస్ట్ లఫాయెట్ ఉన్న ఇండియానాలో అడుగుపెట్టగానే ఈస్టర్న్ సమయం, ఒక గంట ముందు. ఏడాది పొడవునా ఇంతే.

1. వెనక్కి లెక్కించండి. అక్కడి 10 అంటే మీ ఇంటి గోడ గడియారంలో 9. ప్రయాణం సుమారు 90 మైళ్లు, గంటా ముప్పావు అనుకోండి. అరగంట వెసులుబాటుతో 6.45కే బయలుదేరాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఫోను క్యాలెండర్. షాంపేన్‌లో కూర్చుని "10" అని నమోదు చేస్తే, ఫోను దాన్ని సెంట్రల్ 10గా దాచుకుంటుంది. సరిహద్దు దాటాక అదే 11గా కనిపిస్తుంది, గుర్తుచేసే గంట కూడా ఆలస్యంగానే మోగుతుంది. నమోదు చేసేటప్పుడే టైమ్ జోన్ తెరిచి ఈస్టర్న్ ఎంచుకోండి. సరిగ్గా పెడితే ఇంట్లో ఉండగా అది 9 అని కనిపించాలి. అలా కనిపించేదాకా వదలకండి, నేనూ ఇక్కడే ఒకసారి దెబ్బతిన్నాను.

3. కారు గడియారాన్ని నమ్మకండి. చాలా కార్లలో అది తనంతట తాను మారదు.

4. దారి తేలిక: ఐ-74 హైవే మీద తూర్పుకు, క్రాఫర్డ్స్‌విల్ దగ్గర యూఎస్ 231 రోడ్డు ఎక్కి ఉత్తరానికి. టోల్ లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ గంట మీకే తిరిగొస్తుంది.