మీ సాక్ష్యంలో మీ భార్య ఎక్కడుంది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఏడేళ్ల క్రితం మంచి ఉద్యోగం వదిలి పూర్తికాల సేవలోకి వచ్చాను. మాది చిన్న సంఘం. నెలజీతం అంటూ లేదు, కానుకల మీదే ఇల్లు గడవాలి. ఇంగ్లండులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ జీవితం చదివాక, నా అవసరాలు దేవునికి తప్ప మనుషులకు చెప్పకూడదని తీర్మానించుకున్నాను. రెండేళ్లుగా కానుకలు బాగా తగ్గాయి. కొంత అప్పు చేశాను. టెన్షన్ పడుతుందని నా భార్యకు చెప్పలేదు. మొన్న అప్పిచ్చినాయన ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. గొడవేమీ చేయలేదు కానీ అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. పిల్లలిద్దరి ఫీజులు కట్టాల్సి వచ్చినప్పుడు తన తమ్ముణ్ని అడిగి డబ్బు తెచ్చింది. ‘ఎవరికీ చెప్పకుండానే దేవుడు సమయానికి పంపాడు’ అని ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. అది కూడా ఆమెకు నచ్చలేదేమో, కుటుంబ ప్రార్థనకు రావడం మానేసింది. ఇప్పుడు ఒక స్కూల్లో సగం రోజు లెక్కలు చెప్పే పని దొరికేలా ఉంది. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నారు. ఒప్పుకుంటే పిలుపును కాదనుకున్నట్టా? సన్నగిల్లుతున్న నా భార్య విశ్వాసం బలపడాలంటే నేనేం చేయాలి?
– ఒక సేవకుడు

జవాబు: ముందు ఉద్యోగం సంగతి. నిరభ్యంతరంగా చేయొచ్చు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుడుతూ సువార్త చెప్పాడు. ఆ పౌలే ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని సంతోషంగా అందుకున్నాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ బెంగాల్ చేరిన మరుసటి ఏడాదే, 1794లో, నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేరి, ఆ జీతంతో ఇల్లు నడుపుకుంటూ బైబిలు అనువాదం సాగించాడు. పని చేసుకుని బతికినా, కానుకల మీద బతికినా దేవుణ్ని నమ్మినట్టే. పిల్లలకు లెక్కలు చెబితే ఎవరి పిలుపూ ఎక్కడికీ పోదు. ఈ ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మీ రెండో ప్రశ్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మీ భార్య విశ్వాసం సన్నగిల్లుతోందన్నారు. ఆమె దేవుణ్ని నమ్మడం మానేసిందని చెప్పే మాట ఒక్కటీ మీ ఉత్తరంలో నాకు దొరకలేదు. ఆమె నమ్మలేకపోతున్నది మిమ్మల్ని. ఆ సంగతి ఒప్పుకోవడం కష్టం కాబట్టి దానికి మీరు అవిశ్వాసం అని పేరు పెట్టారు. మీ ఇంట్లో డబ్బు లేకపోవడం పెద్ద ఇబ్బందే, నేను తేలిగ్గా తీసేయడం లేదు. కానీ ఇల్లు ఇప్పుడు కుంగుతున్నది దానివల్ల కాదు.

ఫీజు సంగతే తీసుకుందాం. ఆమె తమ్ముడికి ఫోన్ చేసేముందు ఎంత తటపటాయించి ఉంటుందో ఆలోచించారా? పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల పుట్టింటివాళ్లను డబ్బు అడగడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. ‘బావ ఏం చేస్తున్నాడక్కా?’ అని అతను అడిగే ఉంటాడు. అడగకపోయినా ఆ మాట మధ్యలో ఉంటుంది. ఆమె ఏదో ఒకటి చెప్పి మీ పరువు కాపాడే ఉంటుంది. డబ్బు తెచ్చి ఫీజులు కట్టింది. ఆ తర్వాత ఆదివారం మీరు నిలబడి, ఎవరికీ చెప్పకుండానే దేవుడు పంపాడన్నారు. సంఘమంతా స్తోత్రం అంది. అంతమందిలో కూర్చుని ఆమె కూడా స్తోత్రం అనాల్సి వచ్చింది. ఎవరికీ చెప్పలేదన్న మాట అబద్ధమని ఆ మందిరంలో తెలిసింది మీ ఇద్దరికే.

దేవుడే పంపాడన్న మాటను నేను కాదనడం లేదు. అక్క అడగ్గానే సర్దగలిగే తమ్ముణ్ని ఇచ్చిందీ దేవుడే. కానీ ఆయన ఎవరి చేత అడిగించాడో, ఎవరి చేత ఇప్పించాడో ఆ పేర్లు కొట్టేసి చెప్పే సాక్ష్యం ఆయనకు మహిమ తేదు. యేసు ఊరూరా తిరిగి బోధించినప్పుడు యోహన్న, సూసన్న లాంటి స్త్రీలు తమకున్న దానితో ఆయనకు ఉపచారం చేశారని లూకా పేర్లతో సహా రాశాడు. ఆ పేర్లు రాయడం వల్ల యేసు మహిమ ఏమైనా తగ్గిందా?

ఇక ముల్లర్ సంగతి. ఆయన్ని ఆదర్శంగా తీసుకున్నారు, మంచిదే. ఆయన 1830లో జీతం వద్దనుకున్నాడు. అదే ఏడాది మేరీతో పెళ్లయింది. జీతం మానుకోవడం, ఎవరినీ డబ్బు అడగకపోవడం అనేవి భార్యాభర్తలిద్దరూ కలిసి ఎంచుకున్న దారి. ఆమెకు తెలియకుండా ఆయన మొక్కుకున్న మొక్కు కాదు. తర్వాత బ్రిస్టల్‌లో వేలమంది అనాథ పిల్లలను పోషించినా అప్పు చేయలేదు. డబ్బు చేతికి రాకుండా సరుకు తెప్పించకూడదని పట్టుబట్టాడు. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఏటా అచ్చువేసి అందరి ముందూ పెట్టాడు. ఇందులో మీరు తీసుకున్నది ‘మనుషులకు చెప్పను’ అన్న ఒక్క మాట. భార్య సమ్మతి, అప్పు లేకపోవడం, బహిరంగమైన లెక్క, ఈ మూడూ వదిలేశారు.

పైగా ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకున్నారా? అప్పు అడగడమంటే మనిషికి మన అవసరం చెప్పుకోవడమే కదా. వడ్డీకిచ్చే ఆయనకు చెప్పగలిగారు, భార్యకు చెప్పలేకపోయారు. మీరు చెయ్యి చాచకూడదనుకున్నారు కాబట్టి మీ బదులు ఆమె చాచాల్సి వచ్చింది. మీ తీర్మానం మీకు గౌరవంగా మిగిలింది, దాని ఖర్చు ఆమె ఆత్మగౌరవం నుంచి పోయింది. ఈ మాట మీకు కటువుగా తగులుతుందని తెలుసు. అయినా మెత్తబరచి చెప్పలేను.

టెన్షన్ పడుతుందనే చెప్పలేదన్నారు. నేనూ సేవకుడి ఇంట్లోనే పుట్టాను. ఆదివారం రాత్రి నాన్న కానుకల కవరు తెచ్చి అమ్మ చేతికిచ్చేవాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని పాత నోటుబుక్కులో వచ్చింది ఒకవైపు, ఇవ్వాల్సింది ఒకవైపు రాసేవాళ్లు. చాలాసార్లు రెండో వైపే పొడుగ్గా ఉండేది. అమ్మ నిట్టూర్చేది, ఒక్కోసారి విసుక్కునేది, ఆ తర్వాత ఇద్దరూ అక్కడే మోకరించేవాళ్లు. తిండికి కటకటలాడిన నెలలున్నాయి. కానీ నాన్న ఏదో దాస్తున్నాడన్న భయంతో అమ్మ బతికిన రోజు లేదు. లేమిని ఆడవాళ్లు తట్టుకోలేరని మగవాళ్లు అనుకుంటారు. తెలియకపోవడమే వాళ్లను ఎక్కువ తినేస్తుంది. రేపు ఇంకెవరి ఫోన్ వస్తుందో అన్న దిగులుతో మీ భార్య ఇప్పుడు రోజూ నిద్ర లేస్తోంది.

రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం మీరు ఎన్నోసార్లు బోధించి ఉంటారు. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు, భక్తిపరుడు. అప్పులవాడు వచ్చి అతని ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. భార్య వచ్చి ఎలీషా ప్రవక్తకు మొరపెట్టుకుంది. ఇంట్లో ఉన్న కాస్త నూనె పాత్రలన్నీ నిండేదాకా పొంగిందనే చెబుతాం గానీ ఆ ఇంటి అప్పు గురించి అంతగా చెప్పుకోం. దేవునికి భయపడిన మనిషే, ఆ అప్పు మాత్రం భార్య మీదా పిల్లల మీదా పడింది. ఎలీషా ఆమెను నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె వచ్చాక, ముందు అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అప్పు తీర్చడమే ముందు. మీరు ఇంకా బతికే ఉన్నారు, చేతిలో పని కూడా పడబోతోంది. ఆ భారాన్ని ఆమె నెత్తిన పడనివ్వకుండా ఆపే అవకాశం మీకుంది.

కేరీ పేరు పైన ఎత్తాను కాబట్టి ఆయన భార్య డొరతీ గురించి కూడా చెప్పాలి. సముద్రం దాటి రావడానికి ఆమె మొదట ఒప్పుకోలేదు. చెల్లెలు తోడు వస్తానన్నాక బయల్దేరింది. ఇక్కడికి వచ్చిన ఏడాదికే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది. 1807లో చనిపోయేదాకా, పన్నెండేళ్లు, మళ్లీ కోలుకోలేదు. మీ ఇంట్లో అలా జరుగుతుందని నేననడం లేదు. గొడవ చేయని భార్యను చూసి అంతా సర్దుకుంటుందిలే అనుకోవద్దంటున్నాను. సేవకుడి భార్యకు సంఘంలో మనసు విప్పుకునే చోటు ఉండదు. ఎవరితో ఏమన్నా అది భర్త సేవకు మచ్చ అవుతుందని భయం. పుట్టింటికి చెబితే భర్త చులకనైపోతాడు. ఇక మిగిలింది మీరే, మీరేమో ఆమె మౌనాన్ని అవిశ్వాసంలో జమ వేశారు.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమె ఎదురుగా కూర్చోండి. ప్రార్థనతో మొదలుపెట్టొద్దు. ప్రార్థన చేయొద్దని చెప్పే మనిషిని కాను, కానీ ఆ రోజు మీరు కళ్లు మూసుకుంటే ఆమె చెప్పాల్సింది ఆగిపోతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, ఎప్పటికి ఇస్తానన్నారు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. చిన్న చేబదులైనా వదలొద్దు. ఈసారి ఒక్కటి దాచి అది తర్వాత బయటపడితే ఇక ఆమె మీ మాట వినదు. ‘నీకు చెప్పకుండా అప్పు చేశాను, సాక్ష్యంలో అబద్ధం చెప్పాను, క్షమించు’ అనండి. దాని వెనక ‘కానీ’ అని మొదలుపెట్టొద్దు. వాక్యం ఎత్తొద్దు. అపవాది మన మధ్య దూరాడు అనే మాట అసలే వద్దు. ఆమె ఏడవొచ్చు, ఏడేళ్లుగా దాచుకున్నవన్నీ ఆ రాత్రే తిరగేయొచ్చు. అడ్డుపడకుండా వినండి.

మీ బావమరిది దగ్గరికి మీరే వెళ్లండి. ఆమె చేత చెప్పించొద్దు. ఎప్పుడు ఎంత తీర్చగలరో మీ నోటితో చెప్పి, కృతజ్ఞత చెప్పి రండి. సంఘంలో సాక్ష్యాన్ని సరిదిద్దాలని నా గట్టి అభిప్రాయం. అయితే ముందు ఆమెను అడగండి, ఎంతవరకు చెప్పొచ్చో ఆమె నిర్ణయించాలి. తన పేరు వద్దంటే, ‘ఎవరికీ చెప్పలేదని నేనన్న మాట నిజం కాదు’ అన్నంతవరకు చెప్పండి, చాలు. సంఘం ముందు అలా దిగితే పరువు పోతుందనిపించవచ్చు. పెద్దలూ పిల్లలూ అప్పటి నుంచి మీ మాటను ఇంకొంచెం ఎక్కువ నమ్ముతారు.

సంఘపెద్దలకు కూడా మీ పరిస్థితి తెలియాలి. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే జీవించాలని ప్రభువు నియమించాడని పౌలు కొరింథీయులకు రాశాడు. అది సంఘం మోయాల్సిన బాధ్యత. మీరు నోరు మెదపకపోతే వాళ్లు దాన్ని నెరవేర్చే వీలే లేదు. మందిరం డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు అని ఈ నెల నుంచే రెండు పుస్తకాలు పెట్టండి. మందిరం లెక్క పెద్దల్లో ఇద్దరు చూడాలి, ఇంటి లెక్క మీ భార్య చేతిలో ఉండాలి. తీర్చే దారి కనబడేదాకా కొత్త అప్పు ఆమె ఒప్పుకున్నా వద్దు.

కుటుంబ ప్రార్థనకు రమ్మని ఆమెను బలవంతపెట్టకండి, పిల్లల చేత పిలిపించకండి. భార్యను జీవమనే కృపావరంలో తనతో పాటు వారసురాలిగా ఎంచి సన్మానించని భర్త ప్రార్థనలకు ఆటంకం వస్తుందని పేతురు రాశాడు. ఆ హెచ్చరిక భర్తకు, భార్యకు కాదు. రెండేళ్లుగా మీ ప్రార్థనలకు జవాబు ఎందుకు రావడం లేదా అని మీరు మథనపడి ఉంటే, ఆ వచనం దగ్గర కొంతసేపు కూర్చోండి. మీ విశ్వాసాన్ని నేను శంకించడం లేదు. ఉన్న ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి తేలికైన మనిషి కాదు. దేవుడు తప్పకుండా పోషిస్తాడని మీలాగే నేనూ నమ్ముతాను. ఆ పోషణ కోసం ఎదురుచూడటంలో ఆమెకూ చోటివ్వమంటున్నాను.

స్కూలు వాళ్లకు నెలాఖరులోగా జవాబివ్వాలన్నారు. కాగితం రాయకముందే ఇవ్వొద్దు. అప్పులు, ఇంటి ఖర్చు, మీ సేవ వేళలు ముందు పెట్టుకుని సగం రోజు పని సరిపోతుందో లేదో ఇద్దరూ చూడండి. తానూ ఏదైనా పని చేస్తానని ఆమె అంటే, సేవకుడి భార్య ఉద్యోగం చేయడమేమిటని అనకండి, అదీ లెక్కలో వేసుకోండి. ఆమె ఒప్పుకున్నాక స్కూలుకు వెళ్లి మాట ఇచ్చి రండి.