తొమ్మిది గంటల ఫోనుకు ముందు పెట్టుకునే బొట్టు

మీ ఉత్తరం ఆరు పేజీలుంది. అందులో అయిదు పేజీలు మీ మీద మీరే దాఖలు చేసుకున్న ఫిర్యాదు. మీరు గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతారు, వయసు 43, మీవారు బ్యాంకు ఉద్యోగి, అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదువుతోంది. నాలుగు నెలలుగా ఏ పనీ ముందుకు సాగడం లేదని, ఈ బద్ధకం ఎలా వదిలించుకోవాలో తెలియడం లేదని రాశారు. సాయంత్రం పులుసు పెడదామని చింతపండు నానబెట్టి, పొయ్యి దగ్గరకు వెళ్లలేక, మర్నాడు పొద్దున ఆ గిన్నెను అలాగే సింకులో ఒంపేస్తున్నారు. దిద్దవలసిన పరీక్ష పేపర్ల కట్టలు మూడు బీరువా మీద పడి ఉంటే, అవి కంటపడకుండా ఆ గదిలో లైటు వేయడమే మానేశారు. తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడదు. ఇంత చెప్పి మీరు అడిగింది ఒక్కటే: 20 ఏళ్ల సర్వీసు నిండింది కనుక, పిల్లలకు అన్యాయం చేయకుండా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చా?

తీసుకోకండి. ఒళ్లు కాలిపోయే జ్వరంలో ఉండి ఇల్లు అమ్ముకునే మనిషి ఉండడు. సెలవు కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ మీద, సగం జీతపు సెలవులను పూర్తి జీతానికి మార్చుకునే కమ్యూటెడ్ లీవు పెట్టుకోవచ్చునని మీకు నేను చెప్పనక్కర్లేదు. పదవీ విరమణ సంగతి మీరు తేరుకున్నాక, అప్పటికీ తీసుకోవాలనే అనిపిస్తే అప్పుడు చూసుకుందురు గాని.

నాలుగో పేజీ అంచున నిలువుగా, చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాసి, దాన్ని కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వీలవుతోంది: "నిద్రలోనే పోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు." ఉత్తరం మొత్తంలో నేను ముందుగా పట్టించుకోవలసింది ఆ మాటనే. దాన్ని ఈ రాత్రే మీవారితో అనండి, ఏమాత్రం తగ్గించకుండా ఇవే మాటల్లో అనండి. ఆయనకు చెబితే మీ అక్కయ్యకు చేరవేస్తారని మీ భయం, చేరవేస్తే చేరవేయనివ్వండి. మందుల షాపులో తెచ్చుకున్న నిద్రమాత్రల స్ట్రిప్పు ఆయన చేతికిచ్చి, ఆయన దగ్గరే ఉంచమని చెప్పండి. ఆ ఆలోచన ఎప్పుడైనా 'ఎలా', 'ఎప్పుడు' అనే దాకా వెళితే తెల్లవారే దాకా ఆగకుండా ఆయన్ను లేపి, దగ్గరలోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మూడున్నరకు మెలకువ వచ్చి పక్కన ఎవరూ లేని పూట 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్; ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక బద్ధకం సంగతి. బద్ధకస్తులను నేను చాలామందిని చూశాను. పని ఎగ్గొట్టి సుఖంగా నిద్రపోతారు. పని చేయలేక అర్ధరాత్రి లేచి కూర్చుని తనను తాను తిట్టుకునే మనిషిది బద్ధకం కాదు. వైద్యులు చూసే లక్షణాలు తొమ్మిది ఉన్నాయి: రోజులో ఎక్కువ భాగం మనసు కుంగిపోయి ఉండడం, ఇదివరకు ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర చెడడం, ఆకలిలోనో బరువులోనో మార్పు రావడం, ఊరికే నీరసించడం, కదలికా మాటా మందగించడం లేదా నిలకడ లేక తచ్చాడడం, ధ్యాస నిలవకపోవడం, తాను దేనికీ పనికిరాననీ తప్పు చేస్తున్నాననీ అనిపించడం, చావు గురించిన ఆలోచనలు రావడం. మొదటి రెండింటిలో కనీసం ఒకటి ఉండి, మొత్తం మీద అయిదు గాని అంతకు మించి గాని రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ కనిపిస్తూ, రోజువారీ పనులు దెబ్బతింటుంటే దాన్ని డిప్రెషన్‌గా పరిగణిస్తారు. మీ ఉత్తరంలో నాకు ఏడు కనిపించాయి, అవీ నాలుగు నెలలుగా ఉన్నవి. జబ్బుకు పేరు పెట్టవలసింది డాక్టరే గాని, ఇంత స్పష్టంగా రాసి ఇచ్చిన తరువాత కూడా దాన్ని బద్ధకం అని పిలుస్తుంటే నాకు కోపం వచ్చింది. క్రికెట్ మ్యాచ్ ఓడినా, సినిమా టికెట్లు దొరక్కపోయినా డిప్రెషన్ అనే వాళ్లు ఎక్కువై, నిజంగా వచ్చిన వాళ్లు ఆ మాట పలకడానికి సిగ్గుపడుతున్నారు.

కడుపుబ్బరమని ముగ్గురు డాక్టర్లకు చూపించుకుని, ఎండోస్కోపీ కూడా చేయించుకుని, ఏమీ లేదంటే మరింత దిగులుపడ్డారు. మన వాళ్లలో మనసుకు బాగోలేదన్న కబురు చాలాసార్లు ఒంటి ద్వారానే వస్తుంది. గ్యాసనీ, తలబరువనీ, కాళ్లు పీకుతున్నాయనీ ఏళ్ల తరబడి తిరిగే వాళ్లున్నారు. ఆ బాధ కల్పితం కాదు, మీరు వెళ్లవలసిన డాక్టరు గది వేరు, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరంలో మీవారి ప్రస్తావన రెండు చోట్ల, అమ్మాయి ప్రస్తావన మూడు చోట్ల ఉంటే, అక్కయ్య లేని పేజీ ఒక్కటి కూడా లేదు. మీ తొమ్మిదో ఏట అమ్మ పోయింది. అప్పటికి 17 ఏళ్లున్న అక్కయ్య మీకు జడలు వేసి, క్యారేజీ కట్టి, తన చదువు ఇంటర్‌తో ఆపుకుని మిమ్మల్ని బీఈడీ దాకా చదివించింది. ఇప్పుడు ఒంగోలులో ఉంటూ రోజూ రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తుంది. ఎనిమిదీ ముప్పావుకు మీరు మంచం మీద నుంచి లేచి, మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ట్యూబ్‌లైటు వెలుతురు మొహాన పడేలా కుర్చీ జరుపుకుని కూర్చుంటారు. పది నిమిషాలు నవ్వుతారు, ఫోను పెట్టేసి మళ్లీ మంచమెక్కుతారు. నాలుగు నెలలుగా మీరు ఒక్కరోజు కూడా తప్పకుండా పూర్తి చేస్తున్న పని అదొక్కటే. చింతపండు పిసకడానికి లేని ఓపిక ఆ పది నిమిషాలకు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో, దానికి మిగిలిన రోజంతా ఎంత చెల్లిస్తున్నారో మీరు ఆలోచించినట్టు లేదు.

ఒక్కసారి నోరు జారి "మనసు బాగుండడం లేదక్కా" అన్నారు. దానికామె, "నీకేం తక్కువే? బంగారం లాంటి మొగుడు, గవర్నమెంటు ఉద్యోగం. ఎర్రగడ్డకు పోవలసినంత ఖర్మ నీకేం పట్టింది?" అంది. పైగా మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇలాంటి మాట బయటికి పొక్కనివ్వద్దని చెప్పింది. అది మొదలు మీరు ఆమెకు నెలనెలా వాయిదా కట్టినట్టు నవ్వు కడుతున్నారు.

పెంచిన చేతిని మరిచిపోయే వాళ్లంటే నాకు గిట్టదు. అక్కయ్య చేసినదానికి మీరు జన్మంతా కృతజ్ఞతతో ఉండవలసిందే, ఆమెకు ఒంట్లో బాగోకపోతే మీ ఇంటికి తెచ్చుకుని చూసుకోవలసిందే. కాని ఆ రుణాన్ని జబ్బు దాచిపెట్టి తీర్చమని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడిగి ఉండదు. బిడ్డలా పెంచుకున్న పిల్ల మూడున్నరకు లేచి చావు గురించి ఆలోచిస్తోందని తెలిస్తే ఏ అక్క అయినా పెళ్లిచూపులు మానుకుని బస్సెక్కుతుంది. పిన్ని మందులు వాడుతోందని తెలిసి వెనక్కి పోయే సంబంధమైతే, అది ఇప్పుడే పోవడం ఆ అబ్బాయి అదృష్టం.

మూడో పేజీలో మరొక మాట మీరు యథాలాపంగా రాశారు: "అమ్మ ఆఖరి ఏడాదంతా మంచం దిగేది కాదు, జ్వరమనేవాళ్లు." ఏడాది పాటు ఏ జ్వరమో మీరు రాయలేదు, తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. 17 ఏళ్ల పిల్ల మాత్రం అన్నీ చూసింది. నా ఊహ తప్పు కావచ్చు గాని, "నీకేం తక్కువే" అన్న మాటలో నాకు మందలింపు కన్నా భయమే ఎక్కువ వినిపించింది.

అయినా సరే, ఆమె ఒప్పుకునే దాకా చికిత్స ఆపకండి. ఈ వారంలోనే ఒక పూట సెలవు పెట్టి, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి మీవారితో కలిసి వెళ్లండి, లేదా తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లండి. ఎర్రగడ్డకూ చినవాల్తేరుకూ వెళ్లనక్కర్లేదు. ఆ మాటకొస్తే అవీ ఆసుపత్రులే, అక్కడా బాగుపడి ఇంటికి వచ్చే వాళ్లే ఎక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత కనుక, బడిలో తెలుస్తుందేమోనన్న బెంగ పెట్టుకోకండి. డాక్టరు ముందుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు రాయవచ్చు, నెలసరి గురించి అడగవచ్చు. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది కనుక ఆ సంగతి తేల్చుకోవడం అవసరం.

మందులు రాస్తే వాడండి. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన మర్నాడే పనిచేయవు; గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారమో తలనొప్పో వస్తే మానేయకుండా డాక్టరుకు చెప్పండి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. అలవాటైపోతాయని మీరు భయపడ్డారు గాని, అలా అలవాటు పడే గుణం ఉన్నది రెండు నెలలుగా చీటీ లేకుండా కొనుక్కుని సగం విరిచి వేసుకుంటున్న ఆ నిద్రమాత్ర ఆల్ప్రాజోలాంకు. దాన్ని ఉన్నట్టుండి మానకుండా, ఎంత వేసుకుంటున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మందుతో పాటు మాటల చికిత్స కూడా అడగండి. దాన్ని చేసేది క్లినికల్ సైకాలజిస్టు, మందులు రాసేది సైకియాట్రిస్టు. ఈ ఇద్దరి పని వేరు. వెళ్లే ముందు ఆ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో నిస్సంకోచంగా అడగండి, ఎందుకంటే బోర్డు కట్టిన ప్రతివారూ ఆ చదువు చదివిన వాళ్లు కారు. సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావు గంట సేపు, కొన్ని నెలల పాటు ఉంటుంది. అక్కడ మీకు ధైర్యవచనాలు చెప్పరు. "పిల్లలకు అన్యాయం చేస్తున్నాను" అన్న ఆలోచనను కాగితం మీద రాయించి, దానికి సాక్ష్యం ఏముందో, ఎదురు సాక్ష్యం ఏముందో మీ చేతే వెతికిస్తారు. పేపర్ల కట్టలు మూడూ దిద్దమనరు. రోజుకు ఒకే వేళకు కూర్చుని అయిదు పేపర్లు దిద్ది, దిద్దాక మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేసుకోమంటారు. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూసే మనిషికి, పనిలో దిగితేనే ఉత్సాహం కాస్త కాస్తగా వస్తుందని అనుభవంలోకి తెచ్చే పద్ధతి అది. మూడు నాలుగు సార్లు వెళ్లినా ఆ మనిషితో మనసు విప్పలేకపోతే మరొకరి దగ్గరకు మారండి. నడకా, ధ్యానమూ, మీరు మొక్కుకున్న ప్రదక్షిణలూ వీటితో పాటు సాగనివ్వండి, వీటికి బదులుగా మాత్రం వద్దు.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందురోజు రాత్రి తొమ్మిదికి ఫోను మోగినప్పుడు మొహం కడుక్కోకండి. కుర్చీ జరపకండి, మంచం మీద ఎలా ఉన్నారో అలాగే ఫోను ఎత్తండి. ఆమె ముందు తిడుతుంది, తరువాత బహుశా ఏడుస్తుంది, రెండూ కానివ్వండి. ఆమె స్థిమితపడ్డాక, అమ్మకు ఆ ఏడాది ఏమైందో, ఎన్నాళ్లుందో, ఎవరైనా వైద్యం చేశారో అడగండి. ఆమె చెప్పినదంతా ఒక కాగితం మీద రాసుకుని మర్నాడు వెంట తీసుకువెళ్లండి. మీ కుటుంబంలో ఇదివరకు ఎవరికైనా ఇలా ఉండేదా అని డాక్టరు తప్పకుండా అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి మీ ఇంట్లో ఆమె ఒక్కతే.