చిప్ కార్వింగ్‌లో అంచులు విరగకుండా ఉండాలంటే?

అనంతపురంలో ఉంటూ సొంతంగా చిప్ కార్వింగ్ (చెక్క మీద కత్తితో చిన్న చిన్న ముక్కలు కోసి తీస్తూ నమూనాలు చెక్కడం) నేర్చుకుంటున్నానని, టేకు ముక్క మీద అంచులు విరిగిపోతున్నాయని అడిగారు. ముందు ఆ టేకును పక్కన పెట్టండి. దాని రంధ్రాలు పెద్దవి, కొత్త చేతికి లొంగదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర గానీ, గుమ్మడి టేకు గానీ తెచ్చుకోండి. రెండూ మెత్తగా తెగుతాయి.

ఈ పనికి సుత్తి, ఉలి అక్కర్లేదు, పొట్టి కత్తి చాలు. దాన్ని చెక్క ఉపరితలానికి దాదాపు 65 డిగ్రీల వాలులో పట్టుకుని, బొటనవేలు చెక్కకు ఆనించి, మూడు వైపుల నుంచి కోయాలి. మూడు కోతలూ అడుగున ఒకేచోట కలిస్తే త్రికోణపు ముక్క దానంతటదే ఊడి వస్తుంది. రాకపోతే కత్తి మొనతో పెకలించకండి, గుంట అడుగు గరుకైపోతుంది. అదే గీతలో ఇంకాస్త లోతుగా కోయండి. గ్రెయిన్‌కు, అంటే చెక్కలోని నారకు, అడ్డంగా పడే కోతలు ముందు, దాని వెంబడి పోయేవి తర్వాత. మీ సమస్య చాలావరకు ఇక్కడే తీరుతుంది. మిగతాది కత్తి పదును: పాత తోలు బెల్టుకు పాలిషింగ్ పేస్టు రాసి, పని మధ్యలో కూడా కత్తిని దాని మీద రుద్దుతూ ఉండండి.

మొదట త్రికోణాల బార్డరు, తర్వాత కంపాస్‌తో గీసిన ఆరు రేకుల పువ్వు. వంపు కోతలు నేర్పేది ఆ పువ్వే, తొందరపడి వదిలేయకండి. అది చేతికి వచ్చాక లేపాక్షి వెళ్లి లతా మంటపం స్తంభాలు చూడండి. చీర అంచులకెక్కిన ఆ నమూనాల్లో సులువైనదొకటి కాగితం మీద గీసుకుని, టీ కోస్టర్ మీద చెక్కండి.